గడపకి ఇవతలి కథ

తెలుగు సాహిత్య విమర్శకి గడప అంటే చాలా మోజు. స్త్రీ పాత్ర గడప దాటిందా లేదా అన్నదే మనం మొదట చూస్తాం. దాటితే తిరుగుబాటు, దాటకపోతే రాజీ. 1927లో వచ్చిన చలం 'మైదానం' గురించి ఈ వందేళ్ళుగా జరిగిన చర్చలో సగం, రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోవడం చుట్టూ తిరిగిందే. వెళ్ళడం ఒప్పా తప్పా, వెళ్ళి ఏం బావుకుంది, చివరికి ఏమైంది. వెళ్ళేముందు ఆ వకీలు ఇంట్లో ఆమెకి ఏం తెలిసింది, ఎప్పుడు తెలిసింది అని అడిగినవాళ్ళు తక్కువ. ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. ఇబ్సెన్ 1879లో 'బొమ్మరిల్లు' నాటకం రాస్తే, 1880లో జర్మనీలో నోరా పాత్ర వెయ్యాల్సిన నటి, పిల్లల్ని వదిలి వెళ్ళే తల్లిగా నటించనంది. ఇబ్సెన్ ఇష్టం లేకుండానే ముగింపు మార్చి రాయాల్సొచ్చింది. మార్చింది గడప దగ్గరి నిమిషాన్ని మాత్రమే. నోరాకి ఆ రాత్రి తన భర్త గురించి, తన గురించి తెలిసిన సంగతి నాటకంలో అలాగే ఉండిపోయింది. దానికెవరూ అభ్యంతరం చెప్పలేదు. అసలు అదొకటి ఉందని పట్టించుకుంటే కదా!

స్త్రీల నవలల మీద నేను పిహెచ్.డి. చేశాను. వైవాలో ఒక పరీక్షకుడు నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా వెంట ఉంది. "ఈ నాయికలందరికీ జ్ఞానోదయం మరీ ఆలస్యంగా అవుతుందేమిటమ్మా? నవలా నిర్మాణంలో అది లోపం కాదా?" అని. ఆ రోజు నిర్మాణం గురించే జవాబు చెప్పి డిగ్రీ తెచ్చుకున్నాను. కానీ ఆ ప్రశ్న నిర్మాణానిది కాదు. సాక్షి బోనులో నిలబడ్డ ఆడదాన్ని అడిగే ప్రశ్న అది. ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు? అంత కష్టంగా ఉంటే అప్పుడే ఎందుకు చెప్పలేదు? కోర్టులో, పోలీసు స్టేషన్లో, పెద్దమనుషుల పంచాయితీలో, పుట్టింటి వసారాలో స్త్రీలు వినే ప్రశ్నే సాహిత్యం దాకా వచ్చింది. ఇక్కడ దాని పేరు 'పాత్రచిత్రణలో లోపం'.

ఈ వ్యాసంలో నేను గడపకి ఇవతల ఆగదలుచుకున్నాను. తన బతుకు ఇక ఇలా సాగదనీ, తను మారాల్సిన సమయం వచ్చిందనీ ఒక స్త్రీకి ఎలా తెలుస్తుంది? మన రచయిత్రులు ఆ తెలియడాన్ని ఎలా రాశారు?

మొదట ఒక మాట చెప్పాలి. స్త్రీలకి మార్పు కొత్త కాదు. మనకి బాగా అలవాటైన పని ఏదైనా ఉందంటే అది మారడమే. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. ఊరు మారుతుంది. కూరలో కారం పాళ్ళు మారతాయి. గోదావరి పిల్ల అనంతపురం కోడలైతే యాస మారుతుంది, సంగటి కెలకడం వస్తుంది. నిద్ర లేచే వేళ, పూజ చేసే దేవుడు, నవ్వే గొంతు స్థాయి అన్నీ మారతాయి. భర్తకి బదిలీ అయితే ఉద్యోగం మారుతుంది, లేదా పోతుంది. ఇన్ని జరిగినా వీటిని ఎవరూ మార్పులు అనరు. దానికి మనకో చక్కటి మాట ఉంది, సర్దుకుపోవడం. బీరువాలో బట్టలు సర్దే చేత్తోనే మనల్ని మనం సర్దేసుకుంటాం. ఆ మాటలోనే తమాషా ఉంది చూడండి. సర్దేటప్పుడు బీరువా పెద్దదవదు. బట్టలే మడతలు పడతాయి.

అందుకని స్త్రీ ఎప్పుడు మారాలి అన్నది అసలు ప్రశ్న కాదు. ఆమె ఎప్పుడూ మారుతూనే ఉంది. తన మీద పడిన మార్పునీ, తను కోరుకునే మార్పునీ విడదీసి చూడడం ఆమెకి ఎప్పుడు సాధ్యమవుతుంది అన్నది ప్రశ్న. జీవితమంతా మొదటిదాన్నే మంచితనంగా నేర్చుకున్న మనిషికి రెండోది కనపడడమే కష్టం. కనపడ్డా, స్వార్థంలా కనపడుతుంది.

ఈ సంగతిని అతి చిన్న విషయంతో రాసి చూపించింది అబ్బూరి ఛాయాదేవి. 'సుఖాంతం' కథలో ఆవిడ తీసుకున్న వస్తువు నిద్ర. కంటి నిండా నిద్రపోవాలన్న కోరిక తప్ప ఆ కథలో స్త్రీకి పెద్ద ఆశయాలేమీ లేవు. చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. పుట్టింట్లో ఒక పని, అత్తింట్లో ఇంకో పని, భర్త, పిల్లలు. తీరా తీరిక దొరికేసరికి నిద్రే రాదు. కథ నిద్రమాత్రల దాకా వెళ్తుంది. 'సుఖాంతం' అన్న పేరు అప్పుడు పాఠకురాలి గొంతుకి అడ్డం పడుతుంది. ఈ కథలో దుర్మార్గుడు లేడు. కొట్టినవాడు లేడు, కట్నం అడిగినవాడు లేడు. చెప్పుకోడానికి ఫిర్యాదు లేకపోవడమే ఇక్కడి ఫిర్యాదు. నిద్ర చాలడం లేదని పుట్టింటికొచ్చిన కూతుర్ని ఏ తల్లి సమర్థిస్తుంది?

అయితే ఆ కథలో ఒకరికి మాత్రం సంగతి మొదటి నుంచీ తెలుసు. ఆ స్త్రీ శరీరానికి. మనసు సర్దుకుపోయిన చోట కూడా శరీరం సర్దుకోలేదు. ఆమెకి తెలిసింది ఆలస్యంగా కాదు. రోజూ తెలుస్తూనే ఉంది. తెలిసినదానికి విలువ ఇచ్చే భాష ఆ ఇంట్లో లేదు, అంతే. "జ్ఞానోదయం ఆలస్యం" అన్న పరీక్షకుడికి ఈ కథని మించిన జవాబు లేదు.

ఛాయాదేవిదే 'బోన్సాయ్ బ్రతుకు' పక్కన పెట్టి చదివితే ఇంకో విషయం బయటపడుతుంది. ఆ కథ చెప్పే ఆమె నగరంలో ఉంటుంది, చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. కుండీలో ముచ్చటగా పెంచిన మరుగుజ్జు చెట్టుని పల్లె నుంచి వచ్చిన అక్కయ్యకి చూపిస్తుంది. మెచ్చుకుంటుందనుకుంటే అక్కయ్య మెచ్చుకోదు. గాలివానలో ఇంటి బయట తురాయి చెట్టు కింద జనం తలదాచుకోవడం చూసి, ఆడపిల్లల పెంపకానికీ ఆ కుండీ చెట్టుకీ పోలిక కడుతుంది. అది కట్టగలిగింది పెద్ద చదువు లేని అక్కయ్య. చదువుకున్న చెల్లెలు కాదు. ఈ కథని పాఠ్యాంశంగా చెప్పేటప్పుడు మనం బోన్సాయ్ ప్రతీక దగ్గరే ఆగిపోతాం, పరీక్షలో అదే అడుగుతాం కాబట్టి. నాకు మాత్రం ఆ ప్రతీక కంటే దాన్ని ఎవరు చూశారన్నది ముఖ్యం. చదువూ జీతమూ ఉంటే చైతన్యం దానంతటదే వస్తుందన్న మన నమ్మకాన్ని ఛాయాదేవి ఏ ఉపన్యాసమూ లేకుండా కదిపేసింది. కుండీకి నీళ్ళు పోస్తున్న మనిషికి కుండీ కనపడదు. బయటి నుంచి వచ్చిన కన్ను కావాలి.

ఓల్గా 'స్వేచ్ఛ' (1987) దగ్గరికి వచ్చేసరికి ఈ సమస్య ఇంకా జటిలమవుతుంది. తండ్రి ఇంటి కట్టుబాట్ల నుంచి బయటపడడానికి అరుణ పెళ్ళినే దారి అనుకుంది. పెద్దలు కుదిర్చిన సంబంధం కాదు, తను ప్రేమించిన ప్రకాశ్‌నే చేసుకుంది. అంటే ఒకసారి తన బతుకు మార్చుకోవాలని గుర్తించి, నిర్ణయించుకుని, మార్చుకున్న మనిషే. ఆ మార్పే కొన్నాళ్ళకి ఇంకో గది అయింది. మనం ఎంచుకున్నదే మనల్ని కట్టేస్తే తెలుసుకోవడం రెండింతలు కష్టం. తండ్రి పెట్టిన ఆంక్షల మీద కోపం రావడానికి అడ్డేమీ లేదు. నేను కోరి తెచ్చుకున్న జీవితం నాకు చాలడం లేదని ఒప్పుకోవాలంటే, నా కోరికనే అనుమానించుకోవాలి. పైగా నలుగురూ సిద్ధంగా ఉంటారు, నువ్వు చేసుకున్నదే కదా అని.

ఈ నవలని ఎం.ఏ. విద్యార్థినులకి చెప్పినప్పుడు ప్రతి ఏడూ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ప్రకాశ్ చేసిన తప్పేమిటి మేడమ్?" ఒక అమ్మాయి ఇంకాస్త ముందుకెళ్ళి, "మా నాన్నతో పోలిస్తే ప్రకాశ్ చాలా మంచివాడు మేడమ్" అంది. క్లాసు నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. ఆమె అడిగింది అమాయకంగా కాదు. మార్పు కోరాలంటే ముందు అవతలి మనిషి నేరం రుజువు కావాలని మనం ఆడపిల్లలకి నేర్పాం. తాగాలి, కొట్టాలి, ఇంకో సంబంధం ఉండాలి. ఏదో ఒకటి చూపించగలిగితేనే నీ అసంతృప్తికి అర్హత. 'స్వేచ్ఛ' బలమంతా ఆ అర్హతా పత్రం లేకుండా అరుణని నిలబెట్టడంలో ఉంది. ప్రకాశ్‌ని ఇంకొంచెం చెడ్డవాడిగా రాసి ఉంటే నవల పాఠకులకి సులువయ్యేది. అరుణ మాత్రం చిన్నదైపోయేది. భర్త చెడ్డతనం నుంచి పారిపోయిన స్త్రీగా మిగిలేది, తనకేం కావాలో తెలుసుకున్న స్త్రీగా కాదు.

గడప దాటకుండా జరిగే మార్పుని మన విమర్శ ఎలా చిన్నచూపు చూసిందో తెలియాలంటే, వెనక్కి 1950ల చివరికి, డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' దాకా వెళ్ళాలి. విశాఖపట్నం నేపథ్యంగా 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన నవల అది. ముప్ఫై రెండేళ్ళకే, 1961లో కన్నుమూసిన శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల. అందులో ఇందిర చదువు మానేసి ఉద్యోగం చేస్తుంది. ఆమె సంపాదన మీద తండ్రి బతుకుతుంటాడు. ప్రకాశం మీద ఆశ పెట్టుకుంటుంది. ప్రకాశంలో పిరికితనం తప్ప వెన్నెముక లేదని తెలుసుకుంటుంది. చివరికి కృష్ణమూర్తిని పెళ్ళి చేసుకుంటుంది. ఇందిరకీ కల్యాణికీ పోటీ పెట్టి, కల్యాణికి మార్కులు వేసిన పాఠకులు చాలామంది. ఇందిర స్వార్థపరురాలట, గడుసుదట, లెక్కలు వేస్తుందట.

నిజమే, వేస్తుంది. తన జీతంతో నడిచే ఇంట్లో లెక్కలు వెయ్యకుండా ఎవరు బతుకుతారు? ఈ మనిషితో నాకు బతుకు లేదు అని ఇందిర తెలుసుకోవడంలో భోరున ఏడవడాలు లేవు, ఆత్మహత్యా ప్రయత్నాలు లేవు. ఒక మనిషి బలం ఎంతో తూచి చూసుకుని, తన దారి మార్చుకుంది. పెళ్ళి అనే వ్యవస్థనేమీ ఆమె కాదనలేదు కాబట్టి స్త్రీవాద విమర్శకూడా ఆమెని గట్టిగా తన మనిషి అనలేకపోయింది. సంప్రదాయవాదులకి ఆమె మరీ ఎక్కువ, మనకి కాస్త తక్కువ. నాకనిపిస్తుంది, ఇందిరని మనం ఇంకోసారి చదవాలి. మార్పు అంటే ఉన్నదంతా కూలగొట్టడమే అనుకునే మన కళ్ళకి, ఉన్నదాంట్లో తన బరువు ఎటు వెయ్యాలో తేల్చుకునే స్త్రీ కనపడలేదు.

అలాంటి స్త్రీలు మన ఇళ్ళల్లో ఎంతమందో. మా పిన్ని ఇరవై ఏళ్ళు ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టింది. వచ్చిన డబ్బు వచ్చినట్టు ఇంట్లో కలిసిపోయేది. యాభై దాటాక ఒకరోజు వెళ్ళి తన పేర బ్యాంకు ఖాతా తెరుచుకొచ్చింది. ఇంట్లో ఒక ఖాతా ఉండగా ఇంకోటి దేనికని బాబాయి అడిగితే, "జాకెట్ల మీద నెలకెంతొస్తోందో నాకే తెలీడం లేదండీ, లెక్క తెలుస్తుందని" అంది. పోట్లాట లేదు, పుట్టింటికి పోవడం లేదు. ఆ ఏడాది చివరికి లెక్క తెలిసింది. ఆ తర్వాత ఇంట్లో ఆవిడ మాట తీరు మారింది. కథగా రాస్తే దీన్ని ఏ పత్రికా "సంఘర్షణ లేదు" అని తిప్పి పంపేస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే అనుకోవాలి. గడప గురించి ఇంతగా మాట్లాడుకోవడం అసలు ఎవరి మాట? పొద్దున్నే పొలానికో, దొర ఇంటి పాకీపనికో వెళ్ళే స్త్రీకి ఇంటి గడప దాటడం విముక్తి కాదు, రోజు కూలి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చినప్పుడు, అంతవరకూ స్త్రీవాదం 'స్త్రీ' అని పిలిచిన మనిషి ఏ కులపు స్త్రీయో మనకి స్పష్టంగా కనపడింది. జూపాక సుభద్ర కవిత్వంలో కొంగు చదివితే అది మనం విసిరెయ్యాలనుకున్న పైట కాదు, చెమట తుడిచే, మూటగట్టే పనిముట్టు. అక్కడ ఇలా ఇక సాగదు అన్న ఎరుక ఒక్క మనిషి మనసులో, ఒంటరి గదిలో పుట్టదు. కలుపు తీసే వరసలో పుడుతుంది, బావి దగ్గర పుడుతుంది, వాడ మొత్తానికీ జరిగిన అవమానంలో పుడుతుంది. 'వ్యక్తిగతమైన మార్పు' అన్న మాటలో వ్యక్తిగతం అన్న సగం, గదీ తలుపూ ఉన్నవాళ్ళకి దక్కిన సౌకర్యమేమో అని మనం ఆలోచించాలి.

ఒంటరిగా కాకుండా ఇంకొకరి వల్ల తెలుసుకోవడం అన్నది ఓల్గా 'విముక్త' కథల్లో అసలు సూత్రమైంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చిన పుస్తకం ఇది. సీత ఈ కథల్లో శూర్పణఖని, అహల్యని, రేణుకని, ఊర్మిళని కలుస్తుంది. రామాయణం ఎవరెవరిని విడదీసి, శత్రువులుగా, పతితలుగా, మూగవాళ్ళుగా నిలబెట్టిందో వాళ్ళందరినీ. ముక్కూ చెవులూ పోగొట్టుకున్న శూర్పణఖ తోట పెంచుతూ అందానికి కొత్త అర్థం వెతుక్కుంది. పద్నాలుగేళ్ళు తలుపు వేసుకున్న ఊర్మిళ, దుఃఖంతో మొదలుపెట్టి ఆలోచన దాకా వచ్చింది. ఊర్మిళ గడప దాటనే లేదన్న సంగతి గమనించండి. ఆ గది ఆమెకి జైలూ అయింది, బడీ అయింది.

నా వాదనకి అన్నిటికంటే అవసరమైన కథ 'మృణ్మయనాదం'. నిజం ఏమిటని విచారణ జరపడానికే ఎవరికీ హక్కు లేదనీ, విచారణకి ఎన్నడూ అంగీకరించవద్దనీ అహల్య సీతకి చెబుతుంది. అప్పటికి సీతకి అది అర్థం కాదు. అగ్నిపరీక్ష అనుభవించాక గాని ఆ మాట బరువు తెలియదు. మాట విన్న సమయం ఒకటి, అర్థమైన సమయం ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న కాలాన్ని మనం ఆలస్యం అంటున్నాం. ఓల్గా దాన్ని ఆలస్యం అనదు. విత్తనం వేసిన రోజుకీ మొలకెత్తిన రోజుకీ మధ్య కాలాన్ని రైతు ఆలస్యం అనడు కదా. చివర్లో రాముడు మళ్ళీ నిరూపించుకోమన్నప్పుడు సీత ఒప్పుకోదు. ఆ నిరాకరణ ఆ క్షణంలో పుట్టినది కాదు. నలుగురు స్త్రీలు, కొన్ని దశాబ్దాలు కలిసి ఇచ్చింది.

తెలియడం ఒక ఎత్తు, తెలిసినదాని మీద నిలబడడం ఇంకో ఎత్తు. చైనా రచయిత లూసున్ 1923లో బీజింగ్‌లో విద్యార్థినుల ముందు మాట్లాడుతూ, నోరా ఇల్లు వదిలాక ఏమవుతుందని అడిగాడు. చేతిలో డబ్బు లేకపోతే తిరిగి రావాలి, లేదా పతనమవ్వాలి అన్నది ఆయన భయం. వెళ్ళడానికి చోటు లేని మనిషి, వెళ్ళాలని తెలుసుకోవడానికి కూడా భయపడుతుంది. తెలుసుకుంటే బతకడం ఇంకా కష్టమవుతుంది మరి. అందుకే చట్టాలకీ చైతన్యానికీ ఉన్న చుట్టరికాన్ని తక్కువగా చూడకూడదు. 1955 హిందూ వివాహ చట్టం విడాకులకి దారి ఇచ్చింది. 1986 ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళని మినహాయించి. 2005 గృహహింస చట్టం భర్తతో కాపురమున్న ఇంట్లో ఉండే హక్కుని స్త్రీకి ఇచ్చింది. ఈ హక్కులు ఎంతమందికి అందుతున్నాయన్నది వేరే చర్చ. ఒక హక్కు ఉందని వినడం వల్లే కొందరు ఇన్నాళ్ళూ తాము పడుతున్నదానికి ఒక పేరుందని మొదటిసారి గ్రహిస్తారు.

ఛాయాదేవి జీవితం చివరి రోజులు ఇక్కడ గుర్తుచేసుకోవడం నాకు ఇష్టం. జె.ఎన్.యు. గ్రంథాలయంలో పనిచేసి, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి, 'తన మార్గం' కథలకి 2005లో అకాడెమీ పురస్కారం అందుకున్న ఆవిడ, వయసు మీద పడ్డాక తన ఇష్టంతోనే హైదరాబాదు కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమానికి మారింది. 2019లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది. వృద్ధాశ్రమం అనగానే మనకి పిల్లలు వదిలేసిన తల్లిదండ్రులే మనసులో మెదులుతారు. అది ఒకరు వదిలేస్తే పడే చోటు కాకుండా, తనకి తాను ఎంచుకున్న చోటు కూడా కావచ్చని ఆవిడ ఉండి చూపించింది. నిద్ర దొరకని స్త్రీ కథ రాసిన మనిషి, తన చివరి ఇల్లు ఎక్కడో తనే నిర్ణయించుకుంది.

మనం స్త్రీల రచనలు చదివేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం, పరిశోధనలు చేయించేవాళ్ళం. ఆమె ఎందుకు ముందే వెళ్ళలేదు అన్న ప్రశ్నని ప్రశ్నపత్రాల్లోంచీ, సమీక్షల్లోంచీ తీసేద్దామని నా ప్రతిపాదన. దాని బదులు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆమెకి మొదట ఎక్కడ తెలిసింది, ఒంట్లోనా, వంటింట్లోనా, పాసుపుస్తకంలోనా? ఆ తెలిసినదాన్ని ఎవరితో అనగలిగింది? అన్నప్పుడు విన్నది ఎవరు? వినేవాళ్ళు దొరకడానికి ఎన్నేళ్ళు పట్టింది? ఇలా అడిగితే ఆలస్యం అనేది పాత్రలో లోపంగా కాక, ఆ పాత్ర చుట్టూ ఉన్న లోకపు చరిత్రగా కనపడుతుంది. "మా నాన్నతో పోలిస్తే" అన్న ఆ అమ్మాయి లాంటివాళ్ళు మన ప్రతి క్లాసులోనూ ఉన్నారు. వాళ్ళు అరుణకి వేసే మార్కులే రేపు తమకి తాము వేసుకుంటారు.